మలుపు తిరగనన్న బగ్గీ

సోమవారం పొద్దున్నే ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని మా చెల్లెలి బగ్గీ మళ్లీ నా షెడ్డుకు వచ్చింది. ఇది మూడోసారి. ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చున్న మా చెల్లెలి జుట్టులో కంచె ఆకులున్నాయి. మోచేతి మీద గీరుకుపోయింది. ముఖం చూస్తే పరీక్ష తప్పిన పిల్లలా ఉంది. అక్కనన్నాక నాకు జాలి వేయాలి కదా. వేయలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"మళ్లీనా?" అన్నాను, చేతిలో పానా కింద పెట్టకుండానే.

"మళ్లీనే."

"అదే మలుపా?"

"అదే మలుపక్కా. స్టీరింగు మొత్తం తిప్పేశా. చక్రాలు తిరిగాయి, బండి తిరగలేదు. తిన్నగా కంచెలోకి వెళ్లిపోయింది."

"చక్రాలు తిరిగితే బండి తిరగకపోవడమేంటే? దానికేమన్నా నీ మీద అలకా?"

ట్రాక్టరు డ్రైవరు నవ్వాడు. నేను ఒక చూపు చూశాను. నవ్వు ఆపి తాడు విప్పడం మొదలుపెట్టాడు.

నేను మెకానిక్‌ని. ఇరవై రెండేళ్లుగా ఇదే రేకుల షెడ్డు. షెడ్డులో సగం నాది, సగం మా ఆయనది. ఆయన బండ్ల సీట్లు కుడతారు, టార్పాలిన్లకు అంచులు వేస్తారు. ఆయన గంటకు నాలుగు మాటలు మాట్లాడతారు, నేను నిమిషానికి నలభై. ఇద్దరికీ కలిపి లెక్క సరిపోతుందని మా చెల్లెలు వెక్కిరిస్తుంది. నాకు ముక్కు మీద కోపమని ఊరంతా అంటుంది. అననీ. ముక్కు నాది, కోపమూ నాదే.

మా చెల్లెల్ని చిన్నప్పటి నుంచీ పిచ్చుక అనే పిలుస్తాను. మనిషి అంతే ఉంటుంది, వాగుడూ అలాగే ఉంటుంది. పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం. కొండ మీద పద్దెనిమిది దొడ్లున్నాయి. ఆ దొడ్లలో ఆవులకీ మేకలకీ టీకాలు వేయడం, ఈనిన వాటిని చూసిరావడం తన పని. ఆ దారిలో జీపు వెళ్లదు. అందుకే ఆసుపత్రి వాళ్లు తనకు బగ్గీ ఇచ్చారు. ముందు రెండు సీట్లు, నెత్తి మీద ఇనుప గొట్టాల చట్రం, వెనక సామాను వేసుకునే తొట్టి, బండి చిన్నదైనా టైర్లు మాత్రం లావుగా ఉంటాయి. బురదైనా రాళ్లైనా లెక్క చేయదు. మా పిచ్చుకకు ఆ బండన్నా ఆ కొండన్నా ప్రాణం. ఏ మేక పొగరుబోతో, ఏ ఆవుకు సూది చూడగానే కడుపునొప్పి నటించే అలవాటో అన్నీ తనకు తెలుసు.

అలాంటిది మూడు నెలల్లో మూడుసార్లు దారి తప్పి పక్కకు పోయింది. మొదటిసారి గుంటలోకి, రెండోసారి పొదలోకి, ఇప్పుడు కంచెలోకి.

"మీ పెద్ద డాక్టరుగారు ఫోన్లో ఏమన్నారు?" అన్నాను.

అది ఆకులు ఏరుకుంటూ నేల చూసింది. "శనివారం తనిఖీ అధికారి వస్తాడట. ఆయన ముందు నేను ఆ దారిలో నడపాలి. మళ్లీ పక్కకు పోతే కొండ పని వేరేవాళ్లకిస్తారట. నన్ను కింద రిజిస్టరు కౌంటర్లో కూర్చోబెడతారట. అప్పటిదాకా బండి ముట్టుకోవద్దన్నారు."

మా పిచ్చుక కౌంటర్లో కూర్చోవడమా? నాకు గుండెలో కలుక్కుమంది. కానీ అది పైకి కనబడనిస్తే నేను నేనెందుకవుతాను. "సరిగ్గా నడిపితే ఈ గొడవంతా ఉండేది కాదు" అన్నాను.

"అక్కా, ఒక్క మాట. పోయినసారి నువ్వు లాక్ వేసుకుని నడపమన్నావు చూడు, అప్పటి నుంచి ఇంకా ఎక్కువైంది."

లాక్ అంటే చెబుతాను. బగ్గీలో ఒక మీట ఉంటుంది. అది వేస్తే వెనక చక్రాలు రెండూ ఒకటే వేగంతో తిరుగుతాయి. బురదలో దిగబడ్డప్పుడు బయటపడటానికి అది. రెండోసారి పొదలోకి పోయినప్పుడు, బండి జారిందేమోననుకుని, ఇకమీద లాక్ వేసే నడపమని నేనే చెప్పాను.

"బండి గురించి నువ్వు నాకు చెప్పకు. నేను మేకల గురించి నీకు చెబుతున్నానా?" అన్నాను.

పిచ్చుక నోరు మూసుకుంది. అది నోరు మూసుకోవడం వింతే. అయినా నాకు అనుమానం రాలేదు.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. బండి లోపలికి రాకముందే అందులో ఉన్న సామానంతా గుమ్మం దగ్గర దించేయాలి. మా ఆయన ఒక్కొక్కటీ పుస్తకంలో రాసి, గోడవారగా పేర్చాలి. ఆ తర్వాతే నేను బండి మీద చేయి వేస్తాను. ఆరేళ్ల కిందట ఒక పెద్దమనిషి తన గొడుగు మా షెడ్డులో పోయిందని రెండు వారాలు రోజూ వచ్చి వీధిలో నిలబడి అరిచాడు. చివరికి ఆ గొడుగు వాళ్ల అత్తగారింట్లో తలుపు వెనక దొరికింది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, సామానుతో ఉన్న బండిని చచ్చినా ముట్టనని. ఇన్నేళ్లలో ఆ ఒట్టు ఒక్కసారీ తప్పలేదు.

ఆ సోమవారం కూడా అంతే. మా ఆయన మూలుగుతూ సామాను దించారు. నీళ్ల డ్రమ్ము, టీకాల ఐసు పెట్టె, తాళ్లు, బకెట్లు, పశువుల్ని కదలకుండా నిలబెట్టే ఇనుప గేట్లు నాలుగు. నేను ఖాళీ బగ్గీని లోపలికి తోసి, కింద దూరి, పైన ఎక్కి, స్టీరింగు కడ్డీలు కుదిపి, బాల్ జాయింట్లు లాగి, చక్రాల బేరింగులు తిప్పి చూశాను. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. నాలుగు టైర్లకూ గాలి దట్టించాను. నా షెడ్డులోంచి వెళ్లే టైరు రాయిలా ఉండాలి, అదొక పట్టుదల. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో గుండ్రంగా పది చుట్లు కొట్టాను. వేలితో తిప్పితే తిరిగింది.

ఆసుపత్రి కాగితం తీశాను. ప్రమాదం జరిగిన ప్రతిసారీ అది నింపాలి. అందులో కారణం అన్నచోట రెండు గడులుంటాయి. ఒకటి బండి, రెండోది డ్రైవరు. నేను బండి అన్న మాట కొట్టేసి, కింద 'లోపం ఏమీ లేదు' అని రాసి సంతకం చేశాను. ముందు రెండుసార్లూ అదే రాశాను. నాకు తెలిసింది నిజాయితీగా రాశాననుకున్నాను. ఒక గడి కొట్టేస్తే మిగిలేది రెండో గడే కదా అన్న ఇంగితం మూడుసార్లలో ఒక్కసారైనా నా బుర్రకు తట్టలేదు. అన్ని ఇంజన్లు విప్పిన బుర్ర మరి!

గురువారం దాకా బగ్గీ షెడ్డులోనే ఉంది, సామాను గోడవారనే ఉంది. మా ఆయన కుట్టుమిషను దగ్గరకు వెళ్లాలంటే ఆ గేట్లు దాటుకుని వెళ్లాలి. బుధవారం రాత్రికే పదిసార్లు కాలికి తగిలించుకున్నారు. గురువారం పొద్దున పదకొండోసారి తగిలాక, కుంటుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"ఏమోయ్."

"ఏంటి?"

"ఈ గేట్లు నాలుగూ నేను ఒక్కణ్ణే దించలేకపోయాను. ట్రాక్టరు అబ్బాయి సాయం పట్టాడు."

"అయితే?"

"నాకేం తెలీదు బండ్ల గురించి. ఇంత బరువు ఎక్కడ పెట్టుకుని తిరుగుతోందా అని."

"తొట్టి చివర కొక్కేలున్నాయి కదా, వాటికి తగిలిస్తుంది. మూడు నెలల కిందట ఆసుపత్రి వాళ్లు చేయించి..." అని ఆగిపోయాను.

మూడు నెలలు!

ఆయన బొటనవేలు నొక్కుకుంటూ, "ఈ సామానుతో నువ్వెప్పుడైనా నడిపావా దీన్ని?" అన్నారు.

ఆ గంటకు నాలుగు మాటల మనిషి, సరిగ్గా ఆ నాలుగు మాటలే మాట్లాడాలా? నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు. ఎవరి మీదో నాకే తెలియలేదు. "మీకేం తెలీదని మీరే అన్నారుగా, మరి ఊరుకోండి" అన్నాను. అని, రెండు నిమిషాలు పానాలు సర్దాను. సర్దినవే మళ్లీ సర్దాను. ఇక లాభం లేదు. "లేవండి. ఎక్కించండి ఇవన్నీ. మీ అనుమానమేంటో తేల్చేద్దాం."

సామాను మొత్తం పిచ్చుక పెట్టుకునేలాగే ఎక్కించాం. గేట్లు చివర వేలాడాయి. ఇద్దరం కూర్చున్నాం. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "అదెందుకు?" అంటే, "ఊరికే" అన్నారు.

కొండ దారిలో మొదటి మలుపు పెద్దదే, తిరిగాం. రెండోది తిరిగాం కానీ స్టీరింగు మరీ తేలిగ్గా, నీళ్లలో గరిటె తిప్పినట్టు ఉంది. మూడో మలుపుకు ముందు, మా చెల్లికి చెప్పినట్టే లాక్ మీట వేశాను. స్టీరింగు కుడివైపుకు తిప్పాను. ఇంకా తిప్పాను. తిరిగినంతా తిప్పేశాను. ముందు చక్రాలు కుడివైపు చూస్తున్నాయి, మేము మాత్రం తిన్నగా పోతున్నాం!

"ఏమోయ్" అన్నారు మా ఆయన, చాలా నెమ్మదిగా.

సోమవారం పిచ్చుక విరగ్గొట్టిన కంచె ఇంకా కట్టలేదు. ఆ సందులోంచి దర్జాగా లోపలికి వెళ్లి, అక్కడ మేకలు పెంచుకునే తాత పేడకుప్పలో మోకాటి లోతు దిగబడ్డాం.

తాత చుట్టుపక్కల మేకలన్నిటితో సహా వచ్చి నిలబడ్డాడు. "సోమవారం పిల్ల వచ్చింది, గురువారం పెద్దది వచ్చింది. ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారా అమ్మా? ఉంటే కంచె అప్పుడే కట్టను" అన్నాడు.

మామూలుగా అయితే ఆ తాతకు నా నోటి రుచి తెలిసేది. ఆ రోజు నేను పేడలో నిలబడి ముందు చక్రాలనే చూస్తున్నాను. మా చెల్లెలు చెప్పింది చెప్పినట్టు జరిగింది. చక్రాలు తిరిగాయి, బండి తిరగలేదు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

పేడలోంచి బయటపడ్డాక, తాత దొడ్డి ముందు మెత్తటి తడి నేల మీద బగ్గీని నెమ్మదిగా నడిపి, దిగి అచ్చులు చూశాను. వెనక టైర్ల అచ్చులు నాలుగు వేళ్ల లోతున్నాయి. ముందు టైర్లవి నేల మీద రాసీ రాయనట్టున్నాయి. అది కూడా టైరు మధ్యలో సన్నటి పట్టీ మాత్రమే పడింది, అంచులు నేలకు తగలనే లేదు.

"ఇదేంటి, ముందు చక్రాలు నేల మీద ఉన్నాయా లేవా?" అన్నారు మా ఆయన, కళ్లజోడు పెట్టుకుంటూ.

"ఉండీ లేనట్టే" అన్నాను. "బరువంతా వెనక ఇరుసు దాటి చివర వేలాడుతోంది. తక్కెడలో ఒక పక్క కిందకు పోతే రెండోది పైకి లేస్తుంది కదా, ముందు భాగం అలా తేలిపోయింది. తేలిపోయిన చక్రం ఎంత తిప్పితే ఏం లాభం, నేలను పట్టుకుంటేగా? దానికి తోడు నేను గాలి దట్టించి ఆ పట్టునీ సగం చేశాను. పోనీ అంతటితో ఊరుకున్నానా? మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి. ఆ రెండూ ఒకటే వేగంతో తిరిగేలా లాక్ వేసుకోమన్నాను. అవి వెనక నుంచి తిన్నగానే తోస్తాయి, ఇంకెటు తోస్తాయి!"

"అంటే బండిదే తప్పా?"

"బండిదీ కాదు. నాది."

మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట నా నోటి వెంట వినడం ఆయనకు అదే మొదలనుకుంటాను. పాపం, ఏం చేయాలో తెలియక నా భుజం మీద పేడ దులిపారు.

షెడ్డుకు తిరిగొచ్చాక సాయంత్రం దాకా నడుం ఎత్తలేదు. తొట్టి చివర కొక్కేలు కోసేశాను. గేట్లను రెండేసి చొప్పున విడదీసి, సీట్ల వెనక్కి ఆనుకునేలా నిలువుగా బిగించాను. నీళ్ల డ్రమ్మునూ అక్కడికే జరిపాను. ఐసు పెట్టెను డ్రైవరు పక్క సీటు కింద ఖాళీలో దూర్చాను. మా ఆయన దానికి పట్టీలు కుట్టారు. ముందు స్ప్రింగులు ఒక గడి వదులు చేశాను, వెనకవి ఒక గడి బిగించాను. ముందు టైర్ల గాలి తీస్తుంటే బుస్సుమన్న ఆ చప్పుడు నా పరువుదేమో అనిపించింది. మళ్లీ తడి నేల మీద నడిపి చూస్తే ముందు టైర్ల అచ్చు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండుగా పడింది. చంకలు గుద్దుకుంటూ చెల్లెలింటికి పరిగెత్తాను.

తను వంటగది బల్ల దగ్గర కూర్చుని ఉంది. టీ చల్లారిపోయి మీగడ కట్టింది.

"పిచ్చుకా, దొరికిందే! శనివారం నువ్వు కళ్లు మూసుకుని తిప్పినా తిరుగుతుంది!" అని గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పాను. గేట్లు, గాలి, లాక్, పేడకుప్ప అన్నీ. పేడకుప్ప దగ్గర నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నేను నిన్ననే కాగితం ఇచ్చేశానక్కా."

"ఏం కాగితం?"

"నన్ను కౌంటర్లో వేయమని. కొండ పని నా వల్ల కాదని. శనివారం వాళ్లు తీసేసే దాకా ఎందుకు, నేనే తప్పుకుంటానని రాశా."

"నీకేం పిచ్చా? పరీక్ష కూడా కాకుండా..."

"మూడుసార్లు నువ్వు రాశావు కదా, లోపం లేదని." తను అరవలేదు. అరిచినా బాగుండేది. "మొదటిసారే నాకు తెలుసక్కా, నా చేతులకు తెలుసు, బండి ముందు భాగం తేలిపోతోందని. యాక్సిలరేటరు వదిలి, కొంచెం బ్రేకు మీద కాలు ఉంచితే ముందు భాగం కిందకు దిగి మాట వినేది. అలాగే నెట్టుకొచ్చా. నువ్వు లాక్ వేయమన్నాక అది కూడా వినడం మానేసింది. చెబితే మేకల సంగతి చూసుకోమన్నావు. అప్పుడు అనుకున్నా, అక్క రాస్తే తప్పుండదు, నా చేతులే అబద్ధం చెబుతున్నాయేమోనని. ఇప్పుడు స్టీరింగు తలుచుకుంటే చేతులు వణుకుతున్నాయి."

అని రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించింది. నిజంగానే వణుకుతున్నాయి. దూడ అడ్డం తిరిగితే మోచేతి దాకా చేయి పెట్టి ఈనిపించే చేతులవి.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. బల్ల మీద తల పెట్టి, పేడ కంపు కొడుతున్న ఆ చొక్కాతోనే భోరుమని ఏడ్చాను. చివరికి పిచ్చుకే లేచి నాకు నీళ్లిచ్చింది. "వెళ్లి స్నానం చెయ్, ఇల్లంతా కంపు" అంది. శనివారం వస్తావా అని అడిగితే మాత్రం చల్లారిన టీ తీసుకుని పారబోయడానికి వెళ్లిపోయింది.

శనివారం పొద్దున కొండ మొదట్లో నేనూ మా ఆయనా సామాను నిండిన బగ్గీతో నిలబడ్డాం. పెద్ద డాక్టరుగారు వచ్చారు. తనిఖీ అధికారి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు, మాటకు ముందు చిన్న దగ్గు. పిచ్చుక అందరికంటే చివర్న, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నడిచి వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ తను బండి దగ్గరకు రాలేదు. పది అడుగుల దూరంలోనే ఆగిపోయింది.

అధికారి దగ్గి, "సామాను దించేయండి. పరీక్ష ఖాళీ బండితోనే చేయాలి" అన్నాడు.

"దించం" అన్నాను.

"అది నియమం."

"నా షెడ్డులో కూడా అదే నియమమండీ. దాని మూలానే మా చెల్లెలు ఇక్కడ దోషిలా నిలబడింది. ఖాళీ బండి వెళ్లి మేకలకు టీకాలు వేస్తుందా? వేసేది ఈ బండి. పరీక్ష కూడా దీనికే పెట్టండి."

ఆయన ఫైలు తెరిచాడు. "మూడుసార్లూ బండిలో లోపం లేదని మీరే సంతకం చేశారు."

"ఆ మూడూ తప్పు." నాలుగో కాగితం ఆయన చేతిలో పెట్టాను. రాత్రి మూడుసార్లు చించి రాసింది. గేట్ల బరువు ఎక్కడుందో నేను చూడలేదని, ముందు టైర్లకు గాలి ఎక్కువ కొట్టింది నేనేనని, లాక్ వేసి నడపమన్నదీ నేనేనని, మా చెల్లెలు చెప్పినా వినిపించుకోలేదని అందులో ఉంది. డ్రైవరు అన్న గడిని ఎంత గట్టిగా కొట్టేశానంటే కాగితం చిరిగింది.

ఆయన రెండుసార్లు చదివాడు. "దీన్ని అండర్‌స్టీర్ అంటారు" అన్నాడు.

"మీరు ఏమన్నా అనండి. మేము మొండితనం అంటాం."

"మూడుసార్లు తప్పు రాసిన మనిషి నాలుగోసారి ఒప్పు రాసిందని నేనెలా నమ్మాలి?"

చెంప మీద కొట్టినట్టయింది. కానీ ఆయన అడిగింది న్యాయమే. ఇంకెప్పుడైనా అయితే ఆ దగ్గు ఆయన గొంతులోనే ఉండిపోయేలా జవాబిచ్చేదాన్ని. ఆ రోజు తల ఊపాను. "నన్ను నమ్మకండి. నడిపేది తను. తనను అడగండి. మూడు నెలల్లో తనను అడిగినవాళ్లు ఒక్కరూ లేరు, నాతో సహా."

అందరూ పిచ్చుక వైపు తిరిగారు. తను మెల్లగా మొదలుపెట్టింది. ఏ వేగంలో ముందు భాగం తేలిపోతుంది, అప్పుడు స్టీరింగు చేతిలో ఎలా ఉంటుంది, ఇంకా తిప్పితే ఎందుకు లాభం లేదు, నీళ్ల డ్రమ్ము నిండుగా ఉన్న రోజుకీ ఖాళీ అయిన రోజుకీ తేడా ఏంటి, అన్నీ చెప్పింది. డ్రమ్ము సంగతి నాకూ తెలియదు. చెబుతూ చెబుతూ చేతులు జేబుల్లోంచి బయటకు తీసి, గాల్లో స్టీరింగు తిప్పి చూపించింది. చెబుతూనే వచ్చి సీట్లో కూర్చుంది. ఎప్పుడు కూర్చుందో తనకే తెలియలేదనుకుంటాను.

అధికారి రెండో సీట్లో కూర్చుని బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. బగ్గీ బయల్దేరింది. మొదటి మలుపు, రెండో మలుపు కనబడ్డాయి. మూడోది చెట్ల చాటు. మా ఆయన నా చేయి పట్టుకున్నారు, నేను ఆయన వేళ్లు నలిపేశాను. కంచె విరిగిన చప్పుడు రాలేదు. పొదల చప్పుడు రాలేదు. తర్వాత చెట్ల పైన, కొండ మధ్యలో, బగ్గీ కనబడింది. అప్పుడు ఆయన వేళ్లు వదిలాను.

అరగంటకు దిగి వచ్చారు. అధికారి చొక్కా ఇస్త్రీ పోయింది కానీ ముఖం వెలిగిపోతోంది. "మూడో మలుపు మళ్లీ ఒకసారి తిరగమని నేనే అడిగాను" అన్నాడు, తప్పు చేసినట్టు. ఫైల్లో ఏదో రాసి సంతకం పెట్టాడు.

పెద్ద డాక్టరుగారు కోటు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. "మరి దీన్నేం చేయమంటావమ్మా?"

"ఇలా ఇచ్చేయండి సార్" అంది పిచ్చుక. తీసుకుని నాలుగు ముక్కలు చేసి సీటు కింద వేసుకుంది. "అక్కా, నువ్వెక్కు. నీకో సంగతి చూపించాలి."

ఎక్కాను. మూడో మలుపు దగ్గర తను యాక్సిలరేటరు వదిలి, బ్రేకు మీద కాలు ఆనించి, బండి కొంచెం ముందుకు వంగగానే తిప్పింది. బగ్గీ చెప్పినట్టు విని తిరిగింది. మేకల తాత కంచె కడుతూ చేయి ఊపాడు. నేను చప్పట్లు కొట్టబోయాను.

"చూశావా?" అంది పిచ్చుక.

"చూశా. అద్భుతం!"

"అద్భుతం కాదు. ఇంకా చిటికెడు బయటికి పోతోంది. చేతికి తెలుస్తోంది. ముందు గాలి ఇంకొంచెం తియ్యాలి."

నాకు ఏమీ తెలియలేదు. నా లెక్క ప్రకారం గాలి సరిగ్గా ఉంది. 'ఏం కాదులేవే, నాకు తెలీదా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిచ్చుక స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి నా వైపు చూస్తోంది. ఆ చేతులు వణకడం లేదు.

బండి ఆపమన్నాను. దిగి, ముందు టైరు పక్కన మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని మూత విప్పాను. తను చాలు అనేదాకా గాలి తీశాను.